గురువారం వంతు

మా ఊరు తోర్రెసెకాలో కాలువ నీళ్ళకు నేనే నీరుగంటిని. ఏ తోటకు ఏ రోజు, ఏ గంటకు నీళ్ళు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో చూసేది నేనే. నాకు ముందు మా నాన్న చూశాడు, ఆయనకు ముందు ఆయన మేనమామ. ఆడదానికి ఈ పనేమిటని మొదట్లో మూతులు తిప్పినవాళ్ళందరూ ఇప్పుడు శ్మశానంలో ఉన్నారు. నేను మాత్రం పార భుజాన వేసుకుని ఇంకా కాలువ గట్టు మీదే తిరుగుతున్నాను. ముప్పై ఏళ్ళలో ఈ ఒరోసియా ఒకరి నీళ్ళు ఇంకొకరికి మళ్ళించిందని వేలెత్తి చూపినవాళ్ళు లేరు. అంత నిక్కచ్చిదాన్ని. ఆ నిక్కచ్చితనంతోనే ఒక ముసలి దంపతుల తోట ఎండగట్టాను. ఎండల వల్ల కాదు, వానలు లేక కాదు, నా వల్ల. ఊళ్ళో అందరికీ తెలుసు, నా మొహాన ఎవరూ అనరు. అందుకని నేనే చెప్పుకుంటున్నాను.

వాళ్ళు ఇంగ్లండు నుంచి వచ్చారు. ఆయన పేరు కీత్, ఆవిడ డొరీన్. కీత్ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. అక్కడ ఇంటి అద్దెకూ చలికాలం గ్యాసుకూ పోగా వాళ్ళ పింఛను నెల సగంలోనే చేతులెత్తేసేదట. స్పెయిన్ కొండపల్లెల్లో పాత కారు ధరకు ఇల్లు దొరుకుతుందని ఎవరో చెప్పారట. అబద్ధమేమీ కాదు. మా ఊళ్ళో ఇళ్ళు ఎక్కువ, మనుషులు తక్కువ. చనిపోయిన ఉబాల్దో ఇల్లు, దాని వెనకే కాలువ కింద చిన్న తోట, రెండూ కలిపి కొనుక్కున్నారు.

మార్చి నెలాఖరులో ఒక పాత వ్యాను వేసుకుని దిగారు. మేమంతా ఇంకా ఉన్ని కోట్లు విప్పలేదు. కీత్ మాత్రం పొట్టి లాగు తొడుక్కుని ఉన్నాడు. కాస్తో అనేవాడి బారు ముందు ఎండ కాచుకునే ముసలాళ్ళకు ఆ తెల్లటి పిక్కలు వారం రోజుల కబురు. మూడో రోజున నేను కాలువ చూడటానికి వెళితే కీత్ నన్ను తోట గోడ దగ్గర నిలబెట్టి ఒక నోటుబుక్కు తీశాడు. అందులో తోట బొమ్మ గీసుకున్నాడు, రంగు పెన్సిళ్ళతో.

"ఇక్కడ బంగాళాదుంప. ఇక్కడ చిక్కుడు. ఇక్కడ ఉల్లి, టమాటా, మిరప," అన్నాడు, పుస్తకం చూసి నేర్చుకున్న మా భాషలో, ఒక్కో మాటా ఏరుకుంటూ. "మేం కొనేది రొట్టె, నూనె, కట్టెలు. అంతే. అప్పుడు పింఛను సరిపోతుంది. తోట ఉంటే మేం ఉంటాం, ఒరోసియా గారూ."

"తోట పండకపోతే?"

"కూతురు ఇంట్లో వెనక గది ఉంది. చిన్న గది. అల్లుడు మంచివాడు కాదు." కాసేపు మాట వెతుక్కున్నాడు. "డొరీన్ అక్కడ ఏడుస్తుంది."

నాకు ఆ మనిషి నచ్చాడు. ఆ మాట ఇప్పుడు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఉబాల్దో తోట వంతు గురువారం, పొద్దున తొమ్మిది నుంచి పదకొండు వరకు. ఆ వంతు అలాగే వాళ్ళకు ఇచ్చాను. మడవ దగ్గర నీళ్ళకు అడ్డుండే పలక ఎలా పైకి లాగాలో, నీళ్ళు ఒక సాలు నుంచి ఇంకో సాలుకు ఎలా తిప్పాలో దగ్గరుండి నేర్పాను. మొదటి రోజు బురదలో మోకాలి దాకా దిగబడి ఒక బూటు అక్కడే వదిలేశాడు. డొరీన్ గట్టు మీద కూర్చుని కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వింది. ఆ బూటు నేనే పారతో తవ్వి తీశాను. వేసవి చివర వాళ్ళ బంగాళాదుంపలు నావాటి కంటే లావుగా ఊరాయి. కాస్తో ఊరుకుంటాడా.

"ఒరోసియా, రేపట్నించి నువ్వు బస్సు నడుపు, ఆయన్ని కాలువ చూసుకోమందాం," అన్నాడు.

నేనూ నవ్వాను. అప్పటికి మా మధ్య ఏమీ లేదు.

డిసెంబరులో మా ఇంట్లో పందిని కోశాం. కోసిన ఇంటివాళ్ళు ఇరుగుపొరుగుకు తలా ఒక కంచం పంపాలి. నెత్తురు, బియ్యం దట్టించిన పేగులు నాలుగు, ఇంత కాలేయం, రెండు పక్కటెముకలు. ఆ కంచం తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాకూడదు. రెండు గుడ్లు వేస్తారు, గుప్పెడు అక్రోట్లు వేస్తారు, ఏమీ లేనివాళ్ళు ఒక ఉల్లిగడ్డ వేస్తారు. ఖాళీ కంచం తిప్పి పంపారంటే మీకూ మాకూ ఇంతటితో సరి అని అర్థం. మా అమ్మా, మా పిన్నీ పదిహేడేళ్ళు మాట్లాడుకోకపోవడానికి ఇలాంటి కంచమే కారణం.

డొరీన్ మర్నాడు పొద్దున్నే వచ్చింది. కంచాన్ని సబ్బుతో తోమి, తుడిచి, పల్చటి కాగితంలో చుట్టి, పైన ఎర్ర రిబ్బను కట్టి తెచ్చింది. కృతజ్ఞతలు రాసిన కార్డు ఒకటి. "చాలా బాగుంది, చాలా బాగుంది," అని మొహమంతా నవ్వుతూ వెళ్ళిపోయింది. కాగితం విప్పాను. కంచం కింద చూశాను. ఏమీ లేదు.

కొత్తవాళ్ళు, తెలియదు పాపం అనుకోవచ్చు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఉంటే అలాగే అనుకునేదాన్నేమో. కానీ ఆ సమయానికి కాస్తో పెళ్ళాం మా వంటింట్లో ఉంది. సాయంత్రం బారులో అడుగు పెట్టేసరికి అందరి మొహాల్లోనూ ముసిముసి నవ్వులు.

"ఏం ఒరోసియా, నీ కంచానికి రిబ్బను కట్టి పంపారంటగా. పెళ్ళికూతురా ఏంటి?" అన్నాడు కాస్తో.

"నోర్మూసుకో."

"కార్డు కూడా పెట్టారంట. వేయించుకున్నావా, ఉడకేసుకున్నావా?"

"కాఫీ పొయ్యమన్నాను, కథలు చెప్పమన్లేదు."

ముసలాళ్ళు పళ్ళు లేని నోళ్ళతో నవ్వారు. కోపం నాకు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, అది నాకూ తెలుసు. బురదలోంచి బూటు తీసి ఇచ్చినదాన్ని, పంది కోస్తే మొదటి కంచం వాళ్ళకే పంపినదాన్ని, నన్ను ఊరి ముందు ఇలా చేస్తారా అనుకున్నాను. ఆ రోజు నుంచి వాళ్ళు కనిపిస్తే తల ఊపడమే, మాట లేదు.

మార్చి మొదటి శనివారం మా ఊళ్ళో కాలువ పూడిక తీస్తాం. నీళ్ళు తాగే ప్రతి తోట నుంచీ ఒక మనిషి పార పట్టుకుని రావాలి. దీనికి నోటీసు అతికించే అలవాటు మాకు లేదు. ముందటి ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి నేను గట్టిగా చెబుతాను, అంతే. కీత్, డొరీన్ చర్చికి రారు. రాని తోటకు ఆ ఏడు నీళ్ళు ఉండవు. అది కట్టుబాటు. కానీ నీళ్ళు ఆపే ముందు నీరుగంటి ఆ ఇంటి గడప తొక్కాలి. ఏమైంది, ఎందుకు రాలేదు అని అడగాలి. కారణం చెబితే ఇంకో రోజు గట్టు పని చేయించుకుని నీళ్ళు ఇచ్చేస్తాం. అది కూడా కట్టుబాటే. గడప తొక్కకుండా మా నాన్న ఎవరి నీళ్ళూ ఆపలేదు.

ఆ ఏడు పద్నాలుగు తోటలకు పదకొండు మంది వచ్చారు. లెయాంద్ర రాలేదు, కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు. బ్రూనో రాలేదు, జ్వరం. కీత్ రాలేదు.

మర్నాడు ఆదివారం లెయాంద్ర గడప తొక్కాను. బ్రూనో గడప తొక్కాను. తర్వాత ఆ సందు చివరిదాకా నడిచాను కూడా. కీత్ కిటికీ దగ్గర గుడ్లు పెట్టే అట్టల్లో మట్టి నింపి టమాటా విత్తనాలు వేస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

"ఒరోసియా గారూ, నిన్న చాలామంది వెళ్ళారు. పారలు పట్టుకుని. పండగా?"

ఇంతకన్నా ఒక మనిషి ఎలా అడుగుతాడు. నా నోటి దాకా వచ్చింది, మీరూ రావాలయ్యా అని. ఇంతలో కిటికీలోంచి డొరీన్ చెయ్యి ఊపింది. నాకు ఆ రిబ్బను గుర్తొచ్చింది.

"పండగ కాదులెండి. ఊరి పని," అన్నాను.

"ఊరి పని," అని ఆయన తల ఊపాడు, ఆ మాటను నోటుబుక్కులో రాసుకునేవాడిలా. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

మేలో వంతులు మొదలయ్యాయి. మొదటి గురువారం తొమ్మిదింటికి నేను వెళ్ళేసరికి కీత్ మడవ దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకుని, బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, పోయినేటి బురదకు బుద్ధి తెచ్చుకుని. నేను పలక ఎత్తలేదు. పైన పెద్ద తూము తిప్పి, ఆ రెండు గంటల నీళ్ళను ఏటిలోకి వదిలేశాను. కింద తోట నాదే. దానికి మళ్ళిస్తే దొంగతనం అవుతుందని మళ్ళించలేదు. చూశారా, అంత న్యాయం నాది.

కీత్ నా వైపు చూశాడు. ఒక్క మాట అడిగితే ఇచ్చేద్దామని నేనూ చూశాను. ఆయన అడగలేదు. టోపీ పెట్టుకుని, మెల్లగా తల వంచి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఓహో, అంత గర్వమా అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి మోత మొదలైంది. ఊరి మధ్య రాతి తొట్టిలో ఊట నీళ్ళు పడుతుంటాయి. అక్కడ నుంచి రెండు డబ్బాలు నింపుకుని సందు ఎక్కి తోట దాకా. రోజుకు పది సార్లు, పన్నెండు సార్లు. డెబ్బై దగ్గర పడిన మనిషి. జూన్ మొత్తం మోశాడు. చిక్కుడు ముందే పోయింది. బంగాళాదుంప ఆకు పసుపు పట్టింది. ఉన్న నీళ్ళన్నీ టమాటాలకే పోయసాగారు. జూలైలో ఒకరోజు తొట్టి దగ్గరే కీత్ నడుం పట్టేసింది, బ్రూనో, ఇంకొకరు కలిసి ఇంటికి మోసుకెళ్ళారు. ఆ తర్వాత డొరీన్ మోసింది. పెద్ద డబ్బాలు లేవలేక పూలకుండీలకు పోసే చిన్న డబ్బాతో.

"ఇంక చాల్లే ఒరోసియా. ఆవిణ్ణి చూస్తున్నావా?" అన్నాడు కాస్తో. ఆ రోజు వాడి మొహంలో నవ్వు లేదు.

"నీళ్ళు కావాలంటే అడగమను. అడగందే అమ్మయినా పెట్టదు. నేను వాళ్ళమ్మనా?"

"అడగాలని వాళ్ళకెట్లా తెలుస్తదే?"

"బస్సు నడపటం తెలిసినోడికి నోరు తెరవటం తెలీదా?"

"మరి నువ్వు గడప తొక్కావా?"

కాఫీ సగంలో వదిలేసి బయటికి వచ్చాను. వాడు వెనక నుంచి ఇంకో మాట అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని, కాస్త తేలికయ్యేది.

ఆగస్టులో మా ఊరి పండగకు మనసు మార్చుకున్నాను. మంచి గౌను వేసుకుని ఆ సందులో సగం దాకా వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. మూడు నెలలు ఎండబెట్టి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వచ్చే గురువారం పలక ఎత్తేస్తే సరి, మాటలెందుకు అనుకున్నాను. ఆ గురువారం బ్రూనో ఎదురుపడి, ఏంటి కాలువ కట్టుబాటు మారిందా అంటాడేమోనని మానేశాను. పై గురువారం కూడా అంతే. రోజూ మా తోటకు వెళ్ళేటప్పుడు వాళ్ళ గోడ పక్క నుంచే వెళ్ళాలి. తల తిప్పుకుని వెళ్ళేదాన్ని.

సెప్టెంబరు మొదట్లో ఒక బుధవారం పొద్దున, ఊళ్ళోకి రొట్టెలు అమ్మడానికి వచ్చే వ్యాను దగ్గర నిలబడి ఉన్నాను. లెయాంద్ర వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒరోసియా అత్తా, ఇంగ్లీషోళ్ళు వెళ్ళిపోతన్నారు, తెలుసా?"

"ఎక్కడికి?"

"వాళ్ళ దేశానికే. ఇల్లు అగ్గువకు ఎవరికో ఇచ్చేశారంట. ఇదిగో, సామాను ఎక్కిస్తన్నారు."

రొట్టె అక్కడే వదిలేసి నడిచాను. నడిచానంటున్నాను గానీ పరిగెత్తాను, అరవై ఎనిమిదేళ్ళ దాన్ని.

వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. కీత్ ఒక చేత్తో నడుం పట్టుకుని ఇంకో చేత్తో సామానుకు తాడు బిగిస్తున్నాడు. గోడ అవతల తోట అంతా గోధుమరంగు. టమాటా కర్రలు మాత్రం నోటుబుక్కులో గీసినంత తిన్నగా నిలబడి ఉన్నాయి.

"వెళ్తున్నారా?" అన్నాను.

"వెళ్తున్నాం. తోట లేదు కదా. అన్నీ కొంటే పింఛను చాలదు." కోపం లేదు ఆ గొంతులో. ఈ బస్సు అటు వెళ్ళదండీ అని చెప్పినట్టు చెప్పాడు. "మీకు ఒక మాట చెప్పాలి, ఒరోసియా గారూ. మొదటి ఏడు మీరు మాకు నీళ్ళు ఇచ్చారు. కొత్తవాళ్ళమని, దయతో. అప్పుడు సరిగా థాంక్స్ చెప్పలేదు."

"దయ కాదు," అన్నాను. "ఆ నీళ్ళు మీవే. ఉబాల్దో తోటతో పాటు వచ్చే నీళ్ళు. గురువారం తొమ్మిది నుంచి పదకొండు దాకా మీవి."

తాడు బిగించే చెయ్యి ఆగింది. "మరి ఈ ఏడు?"

చెప్పేశాను. పూడిక తీత సంగతి, రాని తోటకు నీళ్ళు ఆపే కట్టుబాటు, ఆపే ముందు గడప తొక్కాలన్న కట్టుబాటు. "లెయాంద్ర ఇంటికి వెళ్ళాను, బ్రూనో ఇంటికి వెళ్ళాను. మీ ఇంటి ముందు దాకా వచ్చి కూడా మిమ్మల్ని అడగలేదు. కావాలనే అడగలేదు. కంచం ఖాళీగా పంపారని నాకు కోపం వచ్చింది."

"కంచం," అన్నాడు. ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉందేమోనని వెతుకుతున్నట్టు నా మొహంలోకి చూశాడు. తాడు వదిలేశాడు.

"ఆ శనివారం నేను కూడా పార పట్టుకున్నాను," అన్నాడు చివరికి. "ఈ తలుపు వెనకే నిలబడ్డాను. డొరీన్ అంది, పిలిస్తే వెళ్దువుగాని, పిలవకుండా దూరకూడదు అని. తర్వాత మీరు అన్నారు, ఊరి పని అని. అయితే నీళ్ళు కూడా ఊరివే అనుకున్నాం. ఇంకొకరి నీళ్ళు మేం ఎలా అడుగుతాం?"

నాకు ఏడుపు ఆగలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా నడివీధిలో ఏడవలేదు.

"ఉండిపోండి," అన్నాను. "ఇల్లు తీసుకున్నవాళ్ళతో నేను మాట్లాడతాను. రేపు గురువారమే. నీళ్ళు రేపే వదులుతాను. ఈ చలికాలానికి దుంపలు, ఉల్లిగడ్డలు నా ఇంట్లో ఉన్నాయి, సగం మీవి."

ఆయన గోడ మీదుగా తోట వైపు చూశాడు. "ఇప్పుడు సెప్టెంబరు, ఒరోసియా గారూ," అన్నాడు. "నా నడుం ఇంకో మే నెల దాకా ఆగదు."

అప్పుడు డొరీన్ ఇంట్లోంచి వచ్చింది. చేతిసంచీ, తలకు ప్రయాణపు స్కార్ఫు. సన్నబడిపోయింది. నేను ఏడుస్తుండటం చూసి గాభరాగా కీత్‌ను వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఏమైంది, ఏమంటోంది అని అడిగి ఉంటుంది, ఎవరైనా అదే అడుగుతారు. కీత్ నన్ను చూశాడు. భార్యను చూశాడు. ఆవిడ చేతులు చూశాడు, డబ్బా మోసి మోసి అరచేతుల్లో కాయలు కాసిన చేతులు. తర్వాత నాలుగైదు మాటల్లో ఏదో చెప్పాడు. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ నేను చెప్పింది నాలుగైదు మాటల్లో అయ్యేది కాదు.

డొరీన్ మొహం విప్పారింది. సంచీ కింద పెట్టి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. మా ఊరివాళ్ళలాగే ముందు ఒక బుగ్గ మీద, తర్వాత రెండో బుగ్గ మీద ముద్దు పెట్టింది. "మీరు మంచి," అంది, తనకు వచ్చిన కాసిని మాటలూ కూడదీసుకుని. "ఎప్పుడూ మంచి. నేను మర్చిపోను."

కీత్ మళ్ళీ తాడు దగ్గరికి వెళ్ళి, బిగించిన ముడినే ఇంకోసారి బిగిస్తున్నాడు. కాదమ్మా అని చెప్పడానికి నా దగ్గర ఆవిడ భాష లేదు. ఉన్నవాడు చెప్పకూడదని నిర్ణయించుకున్నాడు. నేను కూడా ఆవిడ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, జాగ్రత్తగా వెళ్ళి రమ్మని చెప్పాను.